ల్యాబ్ పరీక్షలో తప్పులున్న ప్రోగ్రామ్ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదలైందంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కంప్యూటర్ సైన్స్ సీట్ల గురించే మాట. ఏ కాలేజీ మంచిది, ఫీజు ఎంత, ఏ ర్యాంకుకి ఎక్కడ వస్తుంది అన్నవి పత్రికల్లో విరివిగా వస్తాయి. సీటు దొరికాక ఆ అమ్మాయో అబ్బాయో నాలుగేళ్లలో మంచి ప్రోగ్రామర్ కావాలంటే ఏం చేయాలన్నది అంతగా చర్చకు రావడం లేదు. సాఫ్ట్‌వేర్ పనిలో ఉంటూ కొత్తవాళ్లకి పని నేర్పే మేం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. మేం అడిగేది ఒక్కటే. ప్రోగ్రామ్ రాయించడంతో సరిపెట్టకుండా, చెడిన ప్రోగ్రామ్‌ని ఎలా బాగుచేయాలో నేర్పండి. పరీక్ష కూడా అందులోనే పెట్టండి.

చాలాచోట్ల మొదటి ఏడాది ల్యాబ్ ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. సీనియర్ల రికార్డు తెచ్చుకుని ప్రోగ్రామ్ ఎక్కించుకుంటారు, అవుట్‌పుట్ అన్నచోట సరైన జవాబు రాస్తారు, సంతకం పెట్టించుకుంటారు. పరీక్షలో చీటీ తీస్తే వచ్చిన ప్రోగ్రామ్ గుర్తున్నవాళ్లకి మార్కులు పడతాయి. ఈ దారిలో విద్యార్థి కంటికి తప్పు అనేదే కనబడదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నుంచీ కనబడేది అదే. మొదటి లైను నుంచి సొంతంగా రాసే పని కొత్తవాళ్లకి అరుదుగా వస్తుంది. ఎవరో ఎప్పుడో రాసిన కోడ్‌లో ఎక్కడో ఒకచోట లెక్క తప్పుతోంది, అదెక్కడో వెతికి పట్టుకో అంటారు. చేయి అక్కడే ఆగిపోతుంది.

రికార్డులో తప్పకుండా ఉండే ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఆ సంఖ్య దాకా అన్నీ గుణిస్తే వచ్చేది) ప్రోగ్రామ్‌నే చూద్దాం. సీ భాషలో ఇంట్ అనే పూర్ణసంఖ్య రకం వాడి రాస్తారు. 5 ఇస్తే 120 వస్తుంది, రికార్డులో అదే రాస్తారు, అక్కడితో సరి. 12 ఇచ్చినా సరైన జవాబే వస్తుంది: 47,90,01,600. 13 ఇవ్వండి. 1,93,20,53,504 అని వస్తుంది. అసలు జవాబు 6,22,70,20,800. ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రర్ రాదు, జవాబు చూడ్డానికి పెద్దగా, నమ్మేట్టుగా ఉంటుంది. ఇప్పటి కంప్యూటర్లలో ఇంట్ అంటే 32 బిట్లు. అందులో పట్టే పెద్ద సంఖ్య 2,14,74,83,647. అంతకు మించితే పై బిట్లు రాలిపోతాయి, ఇక్కడ 4,29,49,67,296 తగ్గిన సంఖ్య మిగులుతుంది. అసలు జవాబులోంచి అది తీసేసి చూడండి, తెర మీద కనిపించిన సంఖ్యే వస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. 13 ఫ్యాక్టోరియల్‌లో 10 ఉంది, 5 ఉంది, 2 ఉంది. కాబట్టి చివర రెండు సున్నాలు ఉండి తీరాలి. వచ్చిన జవాబు చివర 04 ఉంది. అంటే తప్పు. ఇలా జవాబు ఎలా ఉండాలో ముందే తెలుసుకుని, వచ్చినదాన్ని దానితో పోల్చి చూసే అలవాటే మంచి ప్రోగ్రామర్‌కి మొదటి లక్షణం. ఇంకా ముందుకి వెళ్తే 17కి రుణసంఖ్య వస్తుంది, −28,85,22,240. 34కి ఏకంగా సున్నా వస్తుంది. 34 ఫ్యాక్టోరియల్‌ని విడగొడితే అందులో 2 సరిగ్గా 32 సార్లు ఉంటుంది. కింది 32 బిట్లూ సున్నాలైపోతాయి కాబట్టి మిగిలేది సున్నా. ఈ కారణం తనంతట తాను కనుక్కున్న విద్యార్థికి బైనరీ సంఖ్యల పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఇంకా కొన్నిచోట్ల టర్బో సీ మీదే ల్యాబ్‌లు నడుస్తున్నాయి. 1987లో వచ్చిన సాఫ్ట్‌వేర్ అది. అందులో ఇంట్ అంటే 16 బిట్లే, పట్టేది 32,767 దాకా. అక్కడ 8 ఫ్యాక్టోరియల్‌కే −25,216 వస్తుంది. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలోనే పేలిపోయింది. 64 బిట్ల దశాంశ సంఖ్యని ఇలాంటి 16 బిట్ల గడిలోకి మార్చబోతే పట్టకపోవడం దానికి కారణం. టర్బో సీ మీద నేర్చుకున్న పిల్లలు కోనియో హెడర్, క్లియర్ స్క్రీన్ లేకుండా ప్రోగ్రామ్ మొదలుపెట్టలేరు. అవి ఇప్పుడు అందరూ వాడే జీసీసీ అనే కంపైలర్లో (ప్రోగ్రామ్‌ని యంత్రభాషలోకి మార్చే సాధనం) కంపైల్ కావు. కాలేజీలు టర్బో సీని ఇప్పటికైనా వదిలేయాలి.

ఫ్యాక్టోరియల్‌కి మందు లాంగ్ లాంగ్ (64 బిట్ల పూర్ణసంఖ్య) అని చాలామంది చెబుతారు. దాంతో 20 దాకా బాగుంటుంది, 21కి మళ్లీ అదే కథ. సరైన పద్ధతి ఏమిటంటే, తర్వాతి సంఖ్య ఐ (i)తో గుణించే ముందు ఒక మాట అడగాలి: ఇప్పటిదాకా వచ్చిన విలువ, గరిష్ఠ విలువని ఐతో భాగిస్తే వచ్చేదానికన్నా ఎక్కువగా ఉందా? ఉంటే గుణించకుండా, పట్టదు అని చెప్పి ఆగిపోవాలి. గుణించాక చూసి లాభం లేదు, అప్పటికే బిట్లు రాలిపోయి ఉంటాయి.

కంపైలర్ని నోరు విప్పి మాట్లాడేలా చేయడం కూడా నేర్పాలి. జీసీసీ కమాండ్‌కి నాలుగు ముక్కలు కలపండి: మైనస్ డబ్ల్యూ ఆల్, మైనస్ డబ్ల్యూ ఎక్స్‌ట్రా, మైనస్ జీ, మైనస్ ఎఫ్‌శానిటైజ్ ఈక్వల్ టు అడ్రస్ కామా అన్‌డిఫైన్డ్ (-Wall -Wextra -g -fsanitize=address,undefined). మొదటి రెండింటితో స్కాన్ఎఫ్‌లో ఆంపర్సాండ్ మరిచిపోవడం, ఇఫ్‌లో రెండు ఈక్వల్స్ బదులు ఒకటే పెట్టడం లాంటివి కంపైల్ చేస్తున్నప్పుడే బయటపడతాయి. చివరిది పెట్టి 13 ఇస్తే, ఫలానా లైనులో 47,90,01,600ని 13తో గుణిస్తే ఇంట్‌లో పట్టదు అని ప్రోగ్రామే చెబుతుంది. అర్రే (ఒకే రకం విలువల వరస) హద్దు దాటితే ఏ లైనులో దాటిందో చూపించి ఆపేస్తుంది. విండోస్‌లో సాధారణంగా దొరికే మింగ్‌డబ్ల్యూ జీసీసీలో ఈ చివరి సౌకర్యం పనిచేయక పిల్లలు వదిలేస్తుంటారు. లినక్స్ గానీ, విండోస్ లోపలే నడిచే డబ్ల్యూఎస్ఎల్ గానీ పెట్టుకుంటే సరిపోతుంది.

అన్ని తప్పుల్నీ పనిముట్లు పట్టవు. ఫారెన్‌హీట్‌ని సెల్సియస్‌లోకి మార్చే ప్రోగ్రామ్‌లో 5/9 అని ముందు రాసి దాన్ని బ్రాకెట్‌లోని ఎఫ్ మైనస్ 32తో గుణిస్తే, ఏం ఇచ్చినా సున్నాయే వస్తుంది. రెండు పూర్ణసంఖ్యల్ని భాగిస్తే సీ భాషలో పూర్ణాంకమే మిగులుతుంది, 5ని 9తో భాగిస్తే 0. దీనికి వార్నింగ్ రాదు. పైగా చాలామంది మొదట ఇచ్చి చూసేది 32. దానికి జవాబు సున్నాయే కాబట్టి ప్రోగ్రామ్ సరిగా ఉందని పొంగిపోతారు. 212 ఇస్తే 100 రావాలి, మైనస్ 40 ఇస్తే మైనస్ 40 రావాలి. తప్పుంటే బయటపెట్టే ఇన్‌పుట్ ఏదో వెతకడమే టెస్టింగ్. అవునని తలూపే ఇన్‌పుట్ ఇచ్చి చూసుకుంటే టెస్టింగ్ అయినట్టు కాదు. సున్నా, ఒకటి, రుణసంఖ్య, ఖాళీ జాబితా, ఒకే ఒక్క అంశం ఉన్న జాబితా, పట్టే గరిష్ఠ సంఖ్య, దానికి పైన ఒకటి: ఏ ప్రోగ్రామ్‌కైనా ఇవి ముందు ఇచ్చి చూడాలి.

ఇక వెతికే పద్ధతి. రన్ బటన్ నొక్కేముందు, ఏం వస్తుందో కాగితం మీద రాయాలి. ఇది చిన్నపిల్లల పనిలా అనిపించవచ్చు గానీ మా అనుభవంలో ఇంతకన్నా ఎక్కువ నేర్పే పని లేదు. రాసిందీ వచ్చిందీ ఒకటి కాకపోతే, మీ బుర్రలో ఉన్న ప్రోగ్రామూ ఫైల్‌లో ఉన్న ప్రోగ్రామూ వేరని తేలుతుంది. ఆ తేడా ఏ లైనులో మొదలైందో పట్టుకోవాలి. అందుకు ప్రోగ్రామ్‌ని సగానికి విరగ్గొట్టాలి. సరిగ్గా మధ్యలో వేరియబుల్స్ విలువలు ప్రింట్ చేసి చూడండి. అక్కడ సరిగా ఉంటే తప్పు కింద సగంలో ఉంది, లేకపోతే పైన సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. 1,000 లైన్లయినా సుమారు పది ప్రింట్లలో ఒక్క లైను దగ్గరికి వచ్చి ఆగుతారు. నిన్న పనిచేసింది ఇవాళ పనిచేయకపోతే, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో బైసెక్ట్ అనే కమాండ్ ఉంది. పనిచేసిన పాత కమిట్ (గిట్‌లో దాచిన ఒక మార్పు) ఒకటి, చెడిన కొత్త కమిట్ ఒకటి చూపిస్తే మధ్యలో వెయ్యి కమిట్లున్నా పది పరీక్షల్లో దొంగని పట్టిస్తుంది.

ప్రింట్ పెట్టి వెతికేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. ప్రింట్ఎఫ్ పంపిన అక్షరాలు వెంటనే తెర మీదకి రావు, బఫర్ అనే తాత్కాలిక నిల్వలో ఆగుతాయి. చివర కొత్త లైను గుర్తు లేకుండా ప్రింట్ చేసి, ఆ తర్వాత ప్రోగ్రామ్ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (తనది కాని మెమరీని ముట్టుకోవడం వల్ల) పడిపోతే బఫర్‌లో ఉన్నది కూడా పోతుంది. విద్యార్థి ఆ ప్రింట్ దాకా రాకుండానే పడిపోయిందనుకుని పైన వెతుకుతూ గంటలు పోగొట్టుకుంటాడు. కొత్త లైను గుర్తు పెడితే తెర మీద సరిపోతుంది. అవుట్‌పుట్‌ని ఫైల్‌కి మళ్లిస్తే అదీ చాలదు. వెతుకులాట కోసం పెట్టే ప్రింట్లని ఎర్రర్ల కోసం వేరుగా ఉండే ఎస్‌టీడీ ఎర్ (stderr) దారికి పంపితే ఈ గొడవే ఉండదు.

సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చినప్పుడు ఊహించనే అక్కర్లేదు. మైనస్ జీ పెట్టి కంపైల్ చేసి, జీడీబీలో (నడుస్తున్న ప్రోగ్రామ్ లోపల చూపించే సాధనం) ప్రోగ్రామ్ తెరిచి, రన్ అని కొట్టండి. పడిపోయాక బీటీ అని కొడితే ఏ ఫంక్షన్ని ఏ ఫంక్షన్ పిలిచిందో వరసగా వస్తుంది. అందులో పైనుంచి చూస్తూ మీ సొంత ఫైల్ పేరు మొదట కనిపించిన లైను దగ్గర ఆగి, అక్కడి పాయింటర్లని (మెమరీ చిరునామాలు దాచే వేరియబుల్స్) ప్రింట్ చేయండి. సున్నా ఉన్నది సాధారణంగా దొరికిపోతుంది. కంపైలర్ ఇరవై ఎర్రర్లు చూపిస్తే మొదటిదాన్ని సరిచేసి మళ్లీ కంపైల్ చేయాలి, ఒక బ్రాకెట్ మూయకపోతే మిగతావన్నీ దాని పిల్లలే. సెమీకోలన్ మరిస్తే ఎర్రర్ కింది లైనులో చూపించవచ్చు, పై లైను కూడా చూడాలి. పైథాన్‌లో మాత్రం కింద నుంచి పైకి చదవాలి, అసలు మాట చివరి లైనులో ఉంటుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. మూడు మార్పులు చేశాక ప్రోగ్రామ్ బాగుపడితే ఏది మందో తెలియదు, మిగతా రెండూ కొత్త జబ్బులు తెచ్చి ఉండవచ్చు.

తెలుగు పిల్లలకి ఇంకో మంచి ప్రయోగశాల చేతిలోనే ఉంది, మన లిపి. పాఠ్యపుస్తకంలో స్ట్రింగ్ పొడవు, స్ట్రింగ్ తిరగేయడం అన్న ప్రోగ్రామ్‌లు ఇంగ్లిష్ పదాలతోనే ఉంటాయి. ‘తెలుగు’ అన్న పదం ఇచ్చి చూడమనండి. కంటికి కనిపించేవి మూడు అక్షరాలు. పైథాన్ పొడవు 6 అంటుంది. సీ భాషలో స్ట్రింగ్ లెంగ్త్ ఫంక్షన్ 18 అంటుంది. మూడూ నిజమే. లిపులన్నిటికీ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము వేర్వేరు సంకేతాలు కాబట్టి ఆరు. ఆ సంకేతాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి పద్దెనిమిది. ఇక పైథాన్‌లో తిరగేస్తే ‘గులుతె’ రావాలి కదా, మొదట తలా తోకా లేని కొమ్ము ఒకటి, ఆ తర్వాత ‘గులెత’ వస్తుంది. గుణింతపు గుర్తులు తమ హల్లుల్ని వదిలి పక్క హల్లులకి అతుక్కుంటాయి.

ఇది పరీక్ష ప్రశ్నతో ఆగిపోయే విషయం కాదు. ‘నాగేశ్వరరావు’ అన్న పేరుకి 12 సంకేతాలు, 36 బైట్లు కావాలి. డేటాబేస్‌లో పేరుకి 20 బైట్లు కేటాయించి, బైట్ల లెక్కన కత్తిరిస్తే ఆరు సంకేతాలు పూర్తిగా పడతాయి, ఏడోదానిలో మూడింట రెండు వంతులు మిగిలి ఆ చోట ప్రశ్నార్థకం గుర్తున్న చెత్త కనిపిస్తుంది. ఒరాకిల్ డేటాబేస్‌లో వార్‌చార్2 పక్కన ఊరికే 20 అని రాస్తే మామూలుగా అది బైట్ల లెక్కే, కాబట్టి ఆ పేరు ఎక్కనే ఎక్కదు. చార్ అని పక్కన చేర్చాలి. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని చాలాకాలంగా ఉన్నదానిలో తెలుగు పడుతుంది గానీ నాలుగు బైట్ల ఇమోజీ పట్టదు, యూటీఎఫ్8ఎంబీ4 పెట్టాలి. ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు పట్టే ఎస్ఎంఎస్‌లో తెలుగు సంకేతాలు 70 పడతాయి, అక్షరాలుగా చూస్తే ఇంకా తక్కువ. అక్షరాల లెక్కే కావాలంటే పైథాన్‌లో రెజెక్స్ అనే లైబ్రరీ గుణింతాలని సరిగా కలిపి లెక్కిస్తుంది. ‘శ్రీ’ లాంటి ఒత్తులున్నచోట మాత్రం వెర్షన్‌ని బట్టి ఒకటనో రెండనో అంటుంది, అదీ పరీక్షించి చూసుకోవాలి.

2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఐఫోన్లు ఒక తెలుగు అక్షరానికి కుప్పకూలాయి. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని విడదీసే గుర్తు, చివర దీర్ఘం: ఈ వరస మెసేజ్‌లో వస్తే ఆ యాప్ తెరుచుకునేది కాదు. ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. మన లిపిని సరిగా పరీక్షించేవాళ్లు ఎంత అవసరమో అప్పుడు తేలింది. ఆ పని మన పిల్లలకన్నా బాగా చేయగలిగినవాళ్లు ఎవరున్నారు?

మంచి కోడ్ చదవడం కూడా అలవాటు కావాలి. ఇక్కడ చాలామంది పెద్ద ప్రాజెక్టు డౌన్‌లోడ్ చేసుకుని, మొదటి ఫోల్డర్ దగ్గరే నీరసపడి వదిలేస్తారు. పైథాన్ పెట్టుకున్న ప్రతి కంప్యూటర్లోనూ బైసెక్ట్ అనే చిన్న మాడ్యూల్ ఉంటుంది. దాన్ని ఇంపోర్ట్ చేసి, ఫైల్ ఎక్కడుందో ప్రింట్ చేసి, తెరిచి చదవండి. ఎక్కువ భాగం వివరణే, అసలు కోడ్ కొద్ది లైన్లే. రికార్డులో రాసే బైనరీ సెర్చ్ (సగాలు చేస్తూ వెతకడం) అదే. అందులో వెతికే భాగపు రెండు హద్దులు లో, హై కూడి రెండుతో భాగిస్తారు. పైథాన్‌లో పూర్ణసంఖ్యకి హద్దు లేదు కాబట్టి అది సరైనదే. అదే లైను జావా లైబ్రరీలో ఏళ్ల తరబడి తప్పుగా ఉండిపోయింది, 2006లో బయటపడింది. అర్రేలో వంద కోట్లు దాటి అంశాలుంటే లో, హై కూడినప్పుడు 32 బిట్ల ఇంట్ హద్దు దాటి రుణసంఖ్య అవుతుంది. హైలోంచి లో తీసేసి, సగం చేసి, దాన్ని ‘లో’కి కూడితే ఆ తప్పు పోతుంది. ఫ్యాక్టోరియల్‌లో 13 దగ్గర చూసిన తప్పే ఇది. అక్కడ దాన్ని గుర్తుపట్టినవాళ్లు ఇక్కడా పడతారు.

దొరికిన ప్రతి తప్పుకీ నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసుకోమని మేం కొత్తవాళ్లకి చెబుతాం: ఏం కనిపించింది, మొదట ఏమనుకున్నారు, అసలు కారణం ఏమిటి, దీన్ని ముందే పట్టే పరీక్ష ఏది. రెండో గడి ముఖ్యం, అది దాటేయకూడదు. రెండు నెలలు రాస్తే ఒక్కొక్కరి తప్పులు నాలుగైదు రకాలకి మించవని కనబడుతుంది. ఒకరు లూప్‌లో చివరి అంశం వదిలేస్తుంటారు, ఒకరు విలువ పెట్టని వేరియబుల్ వాడుతుంటారు, ఒకరు 19.99ని వందతో గుణించి పూర్ణాంకం తీసుకుని 1,999 పైసలకి బదులు 1,998 పైసలు వసూలు చేస్తుంటారు. డబ్బుని దశాంశ సంఖ్యల్లో పెట్టకూడదు, పైసల్లో పూర్ణసంఖ్యగా పెట్టాలి.

చాట్‌జీపీటీ లాంటివి ఉండగా ఇదంతా ఎందుకని అడుగుతున్నారు. ఎర్రర్ మెసేజ్ తీసుకెళ్లి అందులో పడేస్తే చాలాసార్లు సరైన జవాబే వస్తుంది, మేమూ వాడతాం. కానీ అది రాసిన కోడ్‌లో 13 దగ్గర తప్పుందో లేదో చూడాల్సింది మనిషే. వాడే వరస మార్చమంటాం. ముందు మీ అనుమానం ఒక వాక్యంలో రాయండి, దాన్ని తేల్చే చిన్న ఇన్‌పుట్ తయారు చేయండి, తర్వాత అడగండి. అది చెప్పిన కారణాన్ని అదే ఇన్‌పుట్ మీద పెట్టి చూడండి. ఇలా చేసేవాళ్లకి ఆ సాధనం గురువు అవుతుంది. ముందే అడిగేవాళ్లు ఇంటర్వ్యూలో నెట్ లేని గదిలో కూర్చోగానే తడబడుతున్నారు.

విశ్వవిద్యాలయాల్లో సిలబస్ చూసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకి మా విన్నపం ఇది. మూడు గంటల ల్యాబ్ పరీక్షలో విద్యార్థికి అరవై లైన్ల ప్రోగ్రామ్ ఒకటి, అది ఏం చేయాలో చెప్పే అర పేజీ కాగితం ఒకటి ఇవ్వండి. అందులో మూడు తప్పులు పెట్టండి. ఒకటి కంపైల్ కానివ్వనిది, ఒకటి కొన్ని ఇన్‌పుట్లకే పడిపోయేది, ఒకటి నోరెత్తకుండా తప్పు జవాబు ఇచ్చేది. నూటికి 30 మార్కులు తప్పుని బయటపెట్టే అతి చిన్న ఇన్‌పుట్‌కి, 40 కారణాన్ని సొంత మాటల్లో రాసినందుకు, 20 సరిదిద్దినందుకు, 10 మిగతాదేదీ చెడలేదని చూపినందుకు ఇవ్వండి. కారణం తెలుగులో రాసినా పూర్తి మార్కులివ్వాలి. సరిదిద్దడానికి తక్కువ మార్కులు పెట్టమనడం కావాలనే, ఎందుకంటే గుడ్డిగా మార్చి చూస్తూ పోయినా ఎప్పుడో ఒకప్పుడు సరైపోతుంది. కారణం అలా తగలదు. ఒకే ప్రోగ్రామ్‌లో తప్పుల చోట్లు మార్చి పది రకాలు చేయడం అధ్యాపకులకి ఒక పూట పని, పక్కవాడిది చూసి రాసే బెడదా ఉండదు.

సిలబస్ మారేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. వారం వారం జరిగే ల్యాబ్‌లో చివరి అరగంట రికార్డు పక్కన పెట్టించి, ఆ రోజు ప్రోగ్రామ్‌నే ఒక తప్పుతో తెర మీద పెట్టి, జతలుగా కూర్చోబెట్టి వెతికించవచ్చు. దీనికి పై అధికారుల అనుమతి అక్కర్లేదు, ఖర్చూ లేదు. మొదటి వారానికి ఫారెన్‌హీట్ ప్రోగ్రామ్ సరిపోతుంది.

భవదీయులు,
సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు కొందరు,
విశాఖపట్నం